హైదరాబాదు: చాయ్‌ఖానాలు, చిరుతిండ్లు, సెలవుదిన విహారములు

హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరములలో మిత్రులతో గూడి ఇరానీ హోటలులో చాయ్ త్రాగుట, సెలవునాటి సాయంకాలము కుటుంబసమేతముగా తోటకో చెరువుగట్టునకో పోయి దారిలో నచ్చిన చిరుతిండి తినివచ్చుట అనునవి నూరేండ్లకు దగ్గరగా నగరజీవనమునందు పెనవేసికొనిపోయిన అలవాటులు. ఈ నగరపు భోజనమనగానే బిరియానిని తలచుకొనుట లోకమునకు వాడుక. కాని బిరియాని పెండ్లిపందిటిది, పండుగనాటిది. అనుదినము నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టినది చాయ్. ఇరానీ హోటళ్లు అమ్మినది చాయ్ అయినను ప్రజలు అచ్చట కొనుక్కొన్నది ముఖ్యముగా కూర్చుండు తావు అని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఈ నగరపు చిరుతిండ్ల చరిత్రయు, విహారముల చరిత్రయు ఈ దృష్టితో చూచినపుడే చక్కగా బోధపడును.

ఇరానీయుల రాక

ఇరాను దేశముతో హైదరాబాదునకు గల సంబంధము చాయ్ కంటె మిక్కిలి ప్రాచీనమైనది. 1591లో ఈ నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పూర్వుడును, గోలకొండ రాజ్యస్థాపకుడును అగు సుల్తాన్ కులీ, హమదాన్ ప్రాంతమునుండి దక్కనుకు వచ్చినవాడు. నగరనిర్మాణమునకు ఆలోచన చెప్పిన మీర్ మోమిన్ ఆస్త్రాబాదీయు ఇరాను దేశీయుడే. తరువాత వచ్చిన అసఫ్‌జాహీ నిజాముల యేలుబడిలో సయితము 19వ శతాబ్ది చివరి దశకముల వరకు రాజకార్యములు పారశీక భాషలో నడచెను. కనుక 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలి దశకములలోను యజ్ద్, కెర్మాన్ ప్రాంతముల పేదరికమునకు తాళలేక బయలుదేరి, బొంబాయి చేరి, అచ్చటి హోటళ్లలో కొంతకాలము పనిచేసి, పూనా మీదుగా హైదరాబాదునకు వచ్చిన ఇరానీయులకు ఈ నగరము పరాయిచోటుగా తోచలేదు. బొంబాయిలో ఈ వ్యాపారము చాలవరకు జరతుష్ట్ర మతస్థులైన ఇరానీల చేతులలో నుండెను. 1904లో నెలకొన్న క్యానీ హోటలు అట్టిదే. హైదరాబాదునందు దీనిని చేపట్టినవారిలో షియా ముస్లిములైన ఇరానీలు అధికులు.

వారు వచ్చిన సమయమును కలిసివచ్చినది. అస్సాములో 1830 దశకములోనే తేయాకు సాగు ఆరంభమైనను, పంటలో పెద్దభాగము చిరకాలము ఇంగ్లండునకు ఎగుమతి యగుచు వచ్చెను. దేశీయులలో చాయ్ త్రాగువారు తక్కువ. 1903లో ప్రభుత్వము ఎగుమతి తేయాకుపై సుంకము విధించి, ఆ ధనముతో తేయాకు వాడుకను ప్రచారము చేయుటకు పూనుకొన్నది. ఆ తరువాతి దశకములలో రైలు స్టేషనులలోను, బజారులలోను చాయ్ కాచి రుచిచూపి ప్రజలకు అలవాటు చేసిరి. ఆ విధముగా క్రొత్తగా పుట్టిన దాహమునకు కూర్చుండుటకొక కుర్చీని, చేయి ఆన్చుటకొక బల్లను చేర్చినవారు ఇరానీలు.

హోటళ్లు వెలసిన తావులను పరికించినచో వారి వ్యాపారదక్షత తెలియును. మనుష్యులు వేచియుండవలసిన చోటులనే వారు ఎన్నుకొనిరి: రైలు స్టేషను, ఆసుపత్రి, సినిమాహాలు, పెద్ద బజారు, నాలుగు వీధులు కలియు మూల. సికిందరాబాదు స్టేషను ఎదుటి ఆల్ఫా హోటలు రైలుదిగిన బాటసారికి మొదట కనబడునది. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటలు 1935లో ఇరానీలు స్థాపించినది. పత్తర్‌గట్టీలోని మదీనా హోటలు పేరే ఆ కూడలికిని వాడుకలో కలదు. 1953లో సికిందరాబాదులోని ప్యారడైజ్ సినిమాహాలు నాశ్రయించుకొని చిన్న చాయ్ అంగడిగా మొదలైన ప్యారడైజ్ నేడు బిరియానికి దేశమంతట పేరుపొందిన సంస్థ. నిలోఫర్ ఆసుపత్రికి సమీపమున కేఫే నిలోఫర్ వెలసినది. రోగుల బంధువులు, వైద్యవిద్యార్థులు, ఉద్యోగులు దానిని పోషించిరి. చార్మినారు నీడన 1993లో తెరచిన నిమ్రా వీటికంటె మిక్కిలి చిన్నవయసుదైనను, నేడు యాత్రికులు ముందుగా అడుగునది దానినే.

హోటలు లోపల

పూర్వపు ఇరానీ హోటలు ఎత్తైన పైకప్పుగల విశాలమైన హాలు. రెండువైపుల వీధులకు తెరచిన ద్వారములు, పాలరాతి పలకల బల్లలు, వంచిన కఱ్ఱతో చేసిన నల్లని కుర్చీలు, గోడలకు పెద్ద అద్దములు, ద్వారమునకు దగ్గరగా ఎత్తైన గల్లాపెట్టె, దానివెనుక యజమాని, ఆయనకు ప్రక్కగా బిస్కట్టులు నింపిన గాజుజాడీలు లేక గాజుతలుపుల బీరువా. హాలు వెనుకభాగమునగాని, మేడమీదగాని చెక్కపలకలతోను, తెరలతోను విడదీసిన చిన్నగదులు ఉండెడివి. వాటికి ‘ఫ్యామిలీ రూములు’ అని పేరు. స్త్రీలు బజారు హోటలులో కూర్చుండుట గౌరవహీనముగా భావించిన దినములలో, అంగడి పనిమీద వచ్చిన తల్లియు, కూతుండ్రును కాస్త సేదదీరి చాయ్ త్రాగి వెళ్లుటకు ఆ తెర వెనుక గదియే ఆధారమయ్యెను. నేటి కంటికి ఆ తెర ఆంక్షగా కనబడవచ్చును. కాని కుటుంబము మొత్తముగా హోటలులో తినుట ఈ నగరమున చాలవరకు ఆ గదులలోనే మొదలైనదని మరువరాదు.

ఇరానీ చాయ్ ప్రత్యేకత కాచు విధానమునందు కలదు. ఇండ్లలోవలె నీరు, పాలు, ఆకు, చక్కెర ఒక్క గిన్నెలో మరిగింపరు. ఒక పెద్ద పాత్రలో నీటితో తేయాకు పొడిని వేసి, మూతపెట్టి, ఆవిరి పోకుండ అంచుల బిగించి సన్నని సెగమీద దమ్ముకు విడుతురు. డికాక్షను నల్లబడి, చిక్కబడి, వగరు తేలువరకు దానిని కదపరు. మరొక పొయ్యిమీద పాలు గంటలకొలది కాగుచుండును. మీగడ కట్టినప్పుడెల్ల గరిటెతో కలియబెట్టుచుండగా అవి క్రమముగా చిక్కబడి లేత గోధుమవన్నెకు తిరిగి, కోవా వాసన వేయుట కారంభించును. గిరాకీ అడిగినపుడు కప్పులో ముందు డికాక్షను పోసి, దానిపై పాలు వంచుదురు. ఏలకులు, అల్లము మొదలైన సంభారములు ఇందు చేరవు. పాల తీపి, ఆకు వగరు అను రెండే రుచులు ఒకదానినొకటి అదుపుచేయవలెను. డికాక్షను పాతబడినను, పాలు పలుచనైనను నాలుక వెంటనే పసిగట్టును. ఈ పనియందు ఆరితేరినవాడు హోటలుకు ప్రాణము. అతడు వేరొక హోటలునకు మారినచో గిరాకీయు అతనివెంట తరలిపోవుట కలదు.

చాయ్ కప్పు, సాసరులతో వచ్చును. ఇద్దరు మిత్రులు ఒక్క చాయ్ తెప్పించుకొని ‘వన్ బై టూ’ అనినచో అదే చాయ్‌ని రెండు కప్పులలో పంచి తెచ్చుట ఇచ్చటి ఆచారము. అందుకు సర్వరు మొగము చిట్లింపడు. వచ్చి కూర్చున్నవారు అడిగినను, అడుగకున్నను అతడొక పళ్లెము నిండుగా చిన్న సమోసాలో, బిస్కట్టులో తెచ్చి బల్లమీద పెట్టి పోవును. తిన్నన్ని తిని, మిగిలినవి అందే విడిచిపెట్టవచ్చును. లేచునప్పుడు సర్వరు మిగిలినవి చూచి, తిన్నవి లెక్కకట్టి, ఆ మొత్తమును హాలుకు ఆ కొననుండియే గల్లాపెట్టెకు కేకవేసి చెప్పును. మీరు నడచి ద్వారము చేరునప్పటికి యజమాని చేయి చిల్లరపై ఉండును. కాగితము లేదు, సంతకము లేదు. ముక్కుమొగము ఎరుగని బాటసారిని సయితము ఇట్లు నమ్మి నడపిన వ్యాపారము ఒక తరమునకు మించి నిలిచినదన్న విషయము నగర చరిత్రలో గౌరవముతో పేర్కొనదగినది.

ఒక్క చాయ్ వెలకు పూటంతయు కూర్చుండనిచ్చుటచేత ఇరానీ హోటలు పుస్తకము లేని పఠనమందిరముగను, అధ్యక్షుడు లేని సభగను పనిచేసెను. ఒక్క ఉర్దూ దినపత్రిక తెప్పించినచో దాని కాగితములు విడివిడిగా నాలుగు బల్లలు తిరుగుచుండెడివి. ఉద్యోగము వెదకువాడు, గుమాస్తా, రిక్షా తొక్కువాడు, కళాశాల విద్యార్థి, పెండ్లిసంబంధము మాటలాడవచ్చిన పెద్దమనిషి ప్రక్కప్రక్క కూర్చుండెడివారు. కులమును, మతమును అడిగి నీరు పోసెడి దినములు కొన్నిచోట్ల ఇంకను గడువక మునుపే ఒకే కప్పును కడిగి అందరికిని ఇచ్చిన బల్ల ఇది. అబిడ్స్‌లోని ఓరియంటు హోటలు కవులకు, పత్రికారచయితలకు, వామపక్ష రాజకీయ కార్యకర్తలకు కూడలిగా ప్రసిద్ధికెక్కినది; తెలంగాణ సాయుధపోరాట కాలపు నాయకుడును, ఉర్దూ కవియు నగు మఖ్దూం మొహియుద్దీన్ అచ్చటి గోష్ఠులకు పేరొందినవాడు.

చిరుతిండ్లు

చాయ్‌తో జంటకట్టిన వానిలో అగ్రస్థానము ఉస్మానియా బిస్కట్టుది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరుగల ఈ బిస్కట్టు మైదా, వెన్న, చక్కెర, పాలు చేర్చి చేయబడి, తీపితోపాటు తెలియీ తెలియని ఉప్పదనము కలిగియుండును. ఆ ఉప్పు లేనిచో ఇది మామూలు తీపి బిస్కట్టు; ఉప్పు ఉండుటచేత తియ్యని చాయ్‌లో ముంచి తిన్నప్పుడు మొగము మొత్తదు. ముంచి ఒక్క క్షణము ఆలసించినచో విరిగి కప్పులో పడును గనుక, దీనిని తినుటలో నొక నేర్పు కలదు. బేకరీ బీరువాలో దీని సరసన మెడపట్టీ ముడివలె మెలిపెట్టి పొరలు తేలునట్లు కాల్చిన టై బిస్కట్టు, కొబ్బరికోరుతోను, రంగురంగుల టూటీఫ్రూటీతోను నింపిన దిల్‌పసంద్, దిల్‌కుష్, వెన్న పూసిన బన్ను ఉండును. ఉప్పటివానిలో ఉల్లిపాయల చిన్న సమోసా నిత్యవ్యవహారము. ఖీమా కూరి చతురస్రముగా మడచి వేచిన లుఖ్మీ పెండ్లివిందులనుండి హోటలునకు దిగివచ్చిన రాచవంటకము; చక్కగా చేసినది దొరకుట నేడు అరుదు.

ఇరానీలకు తోడు ఇతరులును ఈ సంప్రదాయమును పెంచిరి. దేశవిభజన కాలమున సింధుదేశమునుండి నిరాశ్రయులై వచ్చిన కుటుంబములలో ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీ స్థాపించెను. విడిచివచ్చిన ఊరిపేరు పెట్టుకొన్న ఆ అంగడి పండ్లముక్కల బిస్కట్టులు నేడు హైదరాబాదునుండి చుట్టములకు తీసికొనిపోవు కానుకలలో ప్రధానమైనవి. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్టు ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరిటిది. వేసవి రాత్రులలో దాని ముంగిట కుర్చీలు వేసికొని ఐస్‌క్రీము తినుట జంటనగరవాసులకు కుటుంబవినోదము. అచ్చటి అంగళ్లలో ఋతువునుబట్టి సీతాఫలము, మామిడి మొదలగు పండ్లగుజ్జుతో ఐస్‌క్రీము చేయుదురు. సీతాఫలపు గింజలు తీసి గుజ్జు వేరుచేయు ఓపిక యంత్రమునకు లేదు గావున ఆ పని చేతితోనే జరుగును.

ఆదివారపు ఉదయమునకు వేరొక పట్టిక కలదు. తెల్లవారకముందే పాతనగరపు హోటళ్లలో రాత్రియంతయు ఉడికిన నహారీ అను మాంసపు పులుసు సిద్ధమగును. కుల్చా రొట్టెతో దానిని తినుటకు మిత్రబృందములు నిద్రమానుకొని వత్తురు. ఇండ్లలో ఖిచిడీ, ఖీమా, చింతపండు ఖట్టా అను మూడింటి కూర్పు సెలవునాటి ఉదయభోజనము. అదే వేళ గుల్జార్‌హౌజు సమీపమునను, నాంపల్లి వైపునను తోపుడుబండ్లమీద వెన్న దండిగా వేసి దోసెలు పోయువారిచుట్టు గుంపులు గూడును. మాంసాహారులును, శాకాహారులును గల మిత్రబృందము ఒక చోట తిని, రెండవచోట త్రాగి, మూడవచోట కబుర్లు చెప్పుకొని ఇల్లుచేరుట ఈ నగరమునకు సహజము.

రంజాను మాసపు హలీము ఈ చిరుతిండ్లన్నిటిలో శ్రమసాధ్యమైనది. గోధుమలు, ఎముక తీసిన మాంసము, పప్పులు, నేయి, మసాలాలు పెద్ద గుండిగలో చేర్చి, ఇటుకలతోను, మట్టితోను కట్టిన భట్టీపై కట్టెల సెగమీద పది పన్నెండు గంటలు ఉడికింతురు. ఉడుకుచున్నంతసేపును, తరువాతను ఇద్దరు మనుష్యులు గుండిగకు ఎదురెదురుగా నిలిచి, పొడవైన కఱ్ఱ ఘోట్నీలతో వంతులవారీగా దంచుచుందురు. మాంసపు నారకును, గోధుమకును భేదము తెలియనంతగా రెండును కలిసి, ఘోట్నీ ఎత్తినప్పుడు తీగసాగవలెను. పైన నేయి, వేచిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్క. అరబ్బుల హరీసు దీనికి మూలము. నిజాము సైన్యములో చేరుటకు వచ్చి బార్కసులో స్థిరపడిన యెమెనీ కుటుంబములలో ఆ మూలరూపము నేటికిని వండబడుచున్నది. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. దేశమున మాంసాహార వంటకమొకటి ఈ గుర్తింపు పొందుట అదియే ప్రథమము. రంజాను రాత్రులలో హలీము కొరకు వరుసలో నిలుచువారిలో ఉపవాసమున్నవారును, లేనివారును, అన్ని మతములవారును ఉందురు.

కాఫీ హోటళ్లు

తెలుగువారు మెచ్చిన కాఫీ హోటలు ఈ నగరమునకు వేరొక దారిన వచ్చినది. కన్నడదేశపు ఉడిపి బ్రాహ్మణులు దక్షిణాపథమంతట నెలకొల్పిన శాకాహార హోటళ్ల వరుసలో అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటలు చేరును. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడి, కర్నూలునుండి కార్యాలయములు హైదరాబాదునకు తరలిన పిమ్మట, కోస్తా, రాయలసీమ జిల్లాల ఉద్యోగులతోపాటు ఉదయపు ఇడ్డెన, ఉప్మా పెసరట్టు, ఇత్తడి గ్లాసులో నురగతేలు ఫిల్టరు కాఫీ ఇచ్చట బలపడినవి. కాఫీ హోటలు పరిశుభ్రమైనది, త్వరితమైనది. చట్నీల రుచిలో దానికి సాటిలేదు. కాని అచ్చట తిని లేచినవాని కుర్చీకై మరొకడు వెనుక నిలిచియుండును. విజయవాడ గాంధీనగరమందలి బాబాయి హోటలులో వెన్నపూసతో ఇడ్డెన తినుటకును, గుంటూరు శంకరవిలాసు కూడలిలో కాఫీ త్రాగుటకును ఊరంతయు వచ్చినను, సంభాషణ వీధిలో సాగవలసినదే. ఇరానీ హోటలు ఈ లోపమును పూరించినది గనుకనే కోస్తానుండి వచ్చిన గుమాస్తాలు ఉదయము కాఫీ హోటలునకును, సాయంకాలము ఇరానీ హోటలునకును అలవాటుపడిరి. కోఠీలోని గోకుల్ చాట్ వంటి ఉత్తరాది చిరుతిండ్ల అంగళ్లు ఈ రెండింటికి మూడవ తోడు.

విహారములు

తెలుగునాట సామూహిక విహారమునకు ప్రాచీన రూపము కార్తికమాసపు వనభోజనము. ఉసిరిచెట్టు నీడన వండుకొని, ఆ చెట్టును పూజించి, విస్తళ్లలో తినివచ్చు ఈ ఆచారమును నగరవాసులు ఉద్యోగసంఘములుగను, వీధులవారీగను నేటికిని నిలుపుకొనుచున్నారు. 1908లో మూసీనది వరద నగరమును ముంచిన తరువాత వరదరక్షణకును, త్రాగునీటికిని నిర్మించిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. గండిపేట అని జనులు పిలుచు ఉస్మాన్‌సాగరు గట్టు, దాని తోట, కార్తికమున వనభోజనములకును, తక్కిన దినములలో బళ్లుకట్టుకొనియు, తరువాత బస్సులలోను వచ్చు కుటుంబములకును గమ్యస్థానమయ్యెను. ఇంటినుండి తెచ్చిన పులిహోర, దద్దోజనము, టిఫిను డబ్బాల కుర్మా పచ్చికమీద దుప్పటి పరచి పంచుకొని తినుట ఆ విహారమునకు ముఖ్యాంగము.

నగరము నడుమ హుస్సేన్‌సాగరు 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున త్రవ్వినది. జంటనగరములను కలుపు దాని గట్టు, అనగా ట్యాంక్‌బండు, సాయంకాలపు నడకకును, మొక్కజొన్న కండెలకును, మిర్చిబజ్జీలకును స్థానము. 1980 దశకమున అచ్చట తెలుగు మహనీయుల విగ్రహములు నెలకొల్పబడుటచేత పిల్లలకు చరిత్ర చెప్పుచు నడచుటకు తండ్రులకు వీలుకలిగినది. చెరువు మధ్య జిబ్రాల్టరు శిలపై నిలుపవలసిన ఏకశిలా బుద్ధవిగ్రహము 1990లో తరలించుచుండగా నీట మునిగి, 1992లో వెలికిదీయబడి ప్రతిష్ఠితమయ్యెను. పడవలో దానిచెంతకు పోయివచ్చుట నేడు పొరుగూళ్ల చుట్టములకు మొదట చూపు వినోదము. పబ్లిక్ గార్డెన్సులోని జంతుశాల 1963లో మీరాలం చెరువు సమీపమునకు మారి నెహ్రూ జంతుప్రదర్శనశాలగా విస్తరించినది. ఆదివారము మూసిన అబిడ్స్ అంగళ్ల ముందు కాలిబాటపై వెలయు పాతపుస్తకముల బజారు విద్యావంతులైన మిత్రులకు మిక్కిలి ప్రియమైన విహారస్థలము. రెండు పుస్తకములు చంకబెట్టి సమీపపు హోటలులో కూర్చుండి, కొన్నవాని పుటలు త్రిప్పుచు చాయ్ త్రాగనివారు వారిలో అరుదు.

వీటన్నిటిలో కుటుంబవినోదమునకు నుమాయిష్ అను ప్రదర్శనము శిఖరమువంటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు రాజ్యపు స్వదేశీ ఉత్పత్తులను ప్రదర్శించు ఉద్దేశముతో 1938లో పబ్లిక్ గార్డెన్సునందు దీనిని ఆరంభించిరి. 1946లో ఇది నాంపల్లి మైదానమునకు మారినది. సంవత్సరాది దినమగు జనవరి 1న తెరచి, ఫిబ్రవరి నడిమివరకు సుమారు 46 దినములు నడచును. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ పని వస్త్రములు, కొండపల్లి బొమ్మలు ఒకవైపు. రంకులరాట్నములు, పిల్లల రైలు, మృత్యుకూపమున మోటారుసైకిలు నడుపు సాహసికులు మరొకవైపు. నడుమ పొగలుకక్కు తిండి అంగళ్లు. స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన దినమొకటి కలదు. ఆనాడు పరదాపాటించు ఇండ్ల ముసలమ్మలు సయితము మనుమరాండ్రతో వచ్చి, నవ్వుచు, బేరమాడుచు, మిర్చిబజ్జీ తినుచు తిరుగుట ఇంటింటి జ్ఞాపకము. దీనిని నడపు ఎగ్జిబిషన్ సొసైటీ, వచ్చిన ఆదాయముతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము మొదలగు విద్యాసంస్థలను పోషించుచున్నది గనుక, బిడ్డకు కొనిపెట్టిన ఒక రంకులరాట్నపు టిక్కెట్టు మరొకరి బిడ్డ చదువునకు ఉపకరించుచున్నదనవచ్చును.

ఈ సుఖములకొక దుర్దినము తటస్థించినది. 2007 ఆగస్టు 25, శనివారము సాయంకాలము హుస్సేన్‌సాగరు ఒడ్డునగల లుంబినీ పార్కునందును, గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలి నలుబదిమందికి పైగా మరణించిరి. వారు చాట్ తినుటకును, దృశ్యప్రదర్శనము చూచుటకును వచ్చిన విద్యార్థులు, కుటుంబములు. తరువాత గోకుల్ చాట్ మరల తెరచుకొనగా, ప్రజలును మరల వచ్చిరి. భయమును జయించుటకు నగరము చేసిన మొదటి కార్యము పాతచోటనే నిలిచి తినుట అయ్యెను.

ఇటీవలి మార్పులు

వారాంతము అనునది ఇచ్చట రెండు దినముల సెలవుగా పలువురకు అనుభవములోనికి వచ్చుట సాఫ్టువేరు ఉద్యోగములతో. నిజాముల కాలమున శుక్రవారము సెలవు, తరువాత ఆదివారము. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో ఐదుదినముల పనివారము గల యువజనము పెరిగి, శుక్రవారపు రాత్రి మొదలు ఆదివారపు రాత్రి వరకు ఒకే విహారముగా మారినది. 1996లో బెంగుళూరున మొదలైన కేఫే కాఫీ డే వంటి శీతలీకృత కాఫీ అంగళ్లు వీరికి క్రొత్త ఇరానీ హోటళ్లైనవి. చల్లనిగాలి, మెత్తని సోఫా, స్త్రీపురుషులు తెరలేకుండ కలిసి కూర్చుండు స్వేచ్ఛ అచ్చట లభించినవి. ఇది మేలైన మార్పు. అయితే అచ్చటి ఒక్క కప్పు వెల రిక్షా తొక్కువానిని గడపవెలుపలనే నిలిపినది. 2020లో తెరచిన దుర్గంచెరువు తీగలవంతెనపై వారాంతములలో వాహనములు ఆపి జనులను నడువనిచ్చుటయు, 2021లో ట్యాంక్‌బండుపై ఆదివారపు సాయంకాలములలో అదేవిధముగా చేయుటయు ఈ దృష్టితో ప్రశంసనీయములు. రుసుము లేని చోటునకే అన్ని తరగతుల కుటుంబములు వచ్చునని అవి నిరూపించినవి.

పాత ఇరానీ హోటళ్లు ఈ కాలముననే పెక్కు మూతపడినవి. కూడలిలోని విశాలమైన హాలునకు చాయ్ వెలతో అద్దె గిట్టుబాటు కాదు; అదే నేలలో వస్త్రదుకాణమో, బ్యాంకో అనేకరెట్లు ఇచ్చును. వారసులు పెరిగి పాళ్లు చీలినవి. చదువుకొన్న పిల్లలు గల్లాపెట్టె వెనుక కూర్చుండ నిష్టపడలేదు. రోడ్ల విస్తరణ, మెట్రో రైలు నిర్మాణము కొన్నింటి ముఖద్వారములను హరించినవి. నిలిచియున్నవానిలో పలుచోట్ల బల్లలు తగ్గి, బిరియాని పెరిగి, ‘ఎక్కువసేపు కూర్చుండరాదు’ అను పలకలు వెలసినవి. వీధివీధిన క్రొత్తగా పుట్టిన చాయ్ అంగళ్లలో నిలిచి త్రాగి కాగితపు కప్పు పారవేసి పోవలెను. చాయ్ రుచి చెడినదని వగచువారు కలరు గాని, రుచి చెడలేదు; నిలోఫరు, నిమ్రాలలోని చాయ్ పూర్వపు చాయ్‌కి తీసిపోదు. తగ్గినది కుర్చీ. పేదవానికి సయితము గంటసేపు నీడలో గౌరవముగా కూర్చుండు హక్కునిచ్చిన బల్లలు నగరమునుండి వేలకొలదిగా తొలగిపోగా, వాని స్థానమున ప్రభుత్వముగాని, పురపాలక సంఘముగాని అట్టి చోటును కల్పించినది అత్యల్పము.

కొన్ని హోటళ్లు వేరు మార్గము పట్టినవి. కేఫే నిలోఫరు క్రొత్త పేటలలో అంతస్తులు గల పెద్ద హాళ్లు కట్టి, శనివారపు రాత్రులలో తాతలు మొదలు పసిపిల్లల వరకు గల కుటుంబములను ఆకర్షించుచున్నది. ఉస్మానియా బిస్కట్టులు డబ్బాలలోనికెక్కి విమానములలో పోవుచున్నవి. అమెరికాలో తెలుగువారు, హైదరాబాదీలు అధికముగా నివసించు డల్లాసు పరిసరములలోను, న్యూజెర్సీలోను ఇరానీ చాయ్ పేరిట అంగళ్లు వెలసినవి. అచ్చట వారాంతపు సాయంకాలములలో గుంటూరువారును, కరీంనగరమువారును, పాతనగరపు ఉర్దూ కుటుంబములును ఒకే హాలునందు కూర్చుండి, సమోసాల పళ్లెము మధ్యనుంచుకొని, ‘వన్ బై టూ’ అని అడుగుచున్నారు.